క్రియను ఎక్కడ కొయ్యాలి?

రాయపూర్‌కు విజయనగరం నుంచి రైలు మార్గం 1931లో పూర్తయింది. ఆ ఊళ్ళోని తెలుగు ఇళ్ళల్లో పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో హిందీ. అలాంటి పిల్లవాడు 'వచ్చాను' అన్న మాటను కూడబలుక్కుంటూ చదివితే 'వ... చ్చా... ను' అంటాడు. కాగితం మీద అక్షరాలు అలాగే ఉన్నాయి మరి! మీరు మామూలుగా పలికి చూడండి. వచ్-చా-ను అని వినిపిస్తుంది. గురులఘువులు నేర్చినవారికి ఇది కొత్త కాదు. 'వ' హ్రస్వమే అయినా గురువు, ఎందుకంటే తరువాతి 'చ్చ'లో సగం దానికి అతుక్కుంటుంది.

అర్థాన్ని బట్టి కోస్తే మూడో రకం: వచ్చ్-ఆ-ను. ధాతువు, భూతకాలం, 'నేను'. చెవి రెండుగా చీల్చిన 'చ్చ'ను అర్థం చీల్చనివ్వదు. అదే 'వస్తాను' తీసుకోండి. వస్-తా-ను. ఇక్కడ చెవికీ అర్థానికీ తగాదా లేదు.

అజంత భాష కనుక తెలుగును పాశ్చాత్యులు 'ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్' అన్నారు. అసలు పోలిక క్రియల్లో ఉందని నాకనిపిస్తుంది. ఇటాలియన్‌లో 'పార్లవామో' అంటే 'మాట్లాడుతూ ఉండేవాళ్ళం'. పలకడంలో పార్-ల-వా-మో. అర్థంలో పార్ల్-అ-వా-మో: ధాతువు, దాని గణాన్ని తెలిపే అచ్చు, కాలం, 'మేము'. మొదటి కోత ఒక్క హల్లు మేర జరిగింది, అంతే.

అక్కడ ఒక్క ద్విత్వం ఎంత పని చేస్తుందో చూడండి. 'పార్లెరేమో' అంటే 'మాట్లాడతాం'. 'పార్లెరెమ్మో' అంటే 'మాట్లాడేవాళ్ళం, వీలుంటే' అన్నట్టు. తేడా అంతా ఆ 'మ్' దగ్గరే. 'పార్లో'లో మొదటి అక్షరాన్ని ఊది పలికితే 'మాట్లాడతాను'. చివరిదాన్ని ఊదితే 'అతడు మాట్లాడాడు'!

హిందీ 'ఆయా' వింటే వచ్చింది ఒక్కడేననీ, మగవాడనీ తెలుస్తుంది. నేనా, నువ్వా, అతడా? అది విడిగా చెప్పాలి. మన 'వచ్చాను'లో 'ను' ఒక్కటే 'నేను' అని చెప్పేస్తుంది, ఇటాలియన్‌లోనూ అంతే. ఆడా మగా అన్నది మాత్రం 'వచ్చాను' చెప్పదు. అందుకే రెండు భాషల మధ్య పెరిగే పిల్లలకు క్రియ తోకను స్పష్టంగా పలకడం నేర్పాలి.

ఇప్పుడు 'చెప్పించాను' మీరే కొయ్యండి. చెవికి చెప్-పిం-చా-ను, అర్థానికి చెప్ప్-ఇంచ్-ఆ-ను. రెండింటా మూడేసి కోతలు. కలిసింది చివరిది ఒక్కటే.