ఉల్లిపాయ సూపులోని కిటుకు

కోసేటప్పుడు కళ్ళనీళ్ళు తెప్పించే ఉల్లిపాయ, వేగాక తియ్యగా ఎందుకుంటుందో ఎప్పుడైనా ఆలోచించారా? ఫ్రెంచివారి ఉల్లిపాయ సూపు రుచి అంతా ఈ ప్రశ్నలోనే ఉంది.

పారిస్ నగరం నడిబొడ్డున ‘లే ఆల్’ అనే పెద్ద మార్కెట్ ఉండేది. 1969లో దానిని నగరం వెలుపలికి తరలించారు. అంతకుముందు, రాత్రంతా బరువులు మోసిన కూలీలు అక్కడి హోటళ్ళలో ఈ సూపు వేడివేడిగా తాగేవారు. వేయించిన ఉల్లిపాయలను రసంలో మరిగించి, పైన రొట్టెముక్క, చీజ్ వేసి, చీజ్ కరిగి ఎర్రబడేదాకా ఓవెన్‌లో ఉంచుతారు.

మరి దీనిని వండే అసలు పద్ధతి ఏది? వంట పుస్తకాలు తిరగేస్తే తలో మాట కనబడుతుంది. ఒకరు మాంసపు రసం పొయ్యమంటారు, మరొకరు ఉత్త నీళ్ళు చాలంటారు. ఒకరు కాస్త పిండి చల్లమంటారు, మరొకరు వద్దంటారు. ఇవన్నీ ఇంటిని బట్టి మారేవే. మారనిది ఒక్కటే: ఉల్లిపాయ నిదానంగా ఎర్రబడాలి. “పది నిమిషాల్లో ఎర్రగా వేయించండి” అని రాసి ఉంటే మాత్రం నమ్మకండి! ఎందుకో చూద్దాం.

ఉల్లిపాయలో నూటికి సుమారు 89 పాళ్ళు నీరే. ముక్కల్లో బాగా నీరున్నంతసేపూ వాటి ఉష్ణోగ్రత 100 డిగ్రీల సెంటిగ్రేడు దాటదు. 30 డిగ్రీల వద్ద ఉన్న ఒక గ్రాము నీటిని మరిగే స్థితికి తేవడానికి 70 కేలరీల ఉష్ణం చాలు. కాని ఆ గ్రామును ఆవిరిగా మార్చడానికి మరో 540 కేలరీలు కావాలి! కిలో ఉల్లిపాయల్లో దాదాపు 890 గ్రాముల నీరుంటుంది. అందులో చాలా భాగం పోవాలంటే ముప్పావు గంటో, గంటో పట్టక తప్పదు. తొందరపడి మంట పెంచితే అడుగు మాడుతుంది, పైముక్కలు పచ్చిగానే ఉంటాయి.

ఈలోగా ఉల్లికి ఘాటునిచ్చే గంధక పదార్థాలు చాలావరకు ఆవిరితోపాటు పోతాయి. ఘాటు చాటున దాగిన తీపి అప్పుడు నాలుకకు తెలుస్తుంది.

నీరు తగ్గాక ఉష్ణోగ్రత పెరిగి, అసలు చర్య జోరందుకుంటుంది. ఉల్లిలోని చక్కెరలు, ఎమైనో ఆమ్లాలు కలిసి ఎర్రని రంగును, కమ్మని వాసనను ఇచ్చే ఎన్నో పదార్థాలుగా మారతాయి. ఈ చర్యను 1912లో వివరించినవాడు లూయీ కమీల్ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడే. అందుకే దీనిని ‘మయార్ చర్య’ అంటారు. మన బిర్యానీ మీద చల్లే ఉల్లిపాయలు ఎర్రబడేదీ దీనివల్లనే.

చిటికెడు వంటసోడా వేస్తే ఈ చర్య త్వరగా జరుగుతుంది. కాని ముక్కలు గుజ్జయిపోతాయి!

ఈసారి ఇంట్లో ఉల్లిపాయలు వేయించేటప్పుడు, పెద్దవారి సహాయంతో, మూకుడును నూనెతో, ముక్కలతో సహా ముందొకసారి, చల్లారాక ఒకసారి తూచి చూడండి. తగ్గిన బరువు ఎక్కడికి పోయిందో మీరే చెప్పగలరు.