వెళ్తూ వెళ్తూ కప్పు కొట్టింది!

మీకు తెలుసా?

టెన్నిస్ రాణులంటే పదహారు, పదిహేడేళ్లకే మెరిసిపోతారని మనకో లెక్క. మోనికా సెలెస్ 1990లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచినప్పుడు వయసు 16. మార్టినా హింగిస్ 1997లో ఆస్ట్రేలియన్ ఓపెన్ గెలిచినప్పుడూ అంతే. ఇటలీ క్రీడాకారిణి ఫ్లావియా పెన్నెట్టా మాత్రం ఈ లెక్కకు అస్సలు లొంగలేదు. సింగిల్స్‌లో అతి పెద్ద విజయాలు ముప్పై దాటాకే అందుకుంది. 33 ఏళ్లకు గ్రాండ్‌స్లామ్ గెలిచి, ఆ కప్పు చేతికందిన వేదిక మీదే రిటైర్మెంట్ ప్రకటించింది. ఆమె కెరీర్‌లోని కొన్ని ముచ్చట్లు...

గాంధీజీ ఓడెక్కిన ఊరు

ఫ్లావియా 1982 ఫిబ్రవరి 25న బ్రిండిసిలో పుట్టింది. మ్యాపులో ఇటలీ బూటులా కనిపిస్తుంది కదా, ఆ బూటు మడమ దగ్గర, ఏడ్రియాటిక్ సముద్రం ఒడ్డున ఉన్న రేవు పట్టణం ఇది. మనకూ ఈ ఊరితో పాత పరిచయమే ఉంది. లండన్ నుంచి బొంబాయికి రావలసిన టపా ఒకప్పుడు రైల్లో బ్రిండిసి దాకా వచ్చి, ఇక్కడే ఓడెక్కేది. రౌండ్ టేబుల్ సమావేశం ముగించుకుని స్వదేశానికి బయల్దేరిన గాంధీజీ 1931 డిసెంబరులో ఓడెక్కిందీ ఈ రేవులోనే.

పక్క ఊరి నేస్తం

బ్రిండిసికి దాదాపు 70 కిలోమీటర్ల దూరంలో టారంటో ఉంది. రొబెర్టా విన్చీది ఆ ఊరు. ఫ్లావియా కంటే ఏడాది చిన్న. ఇద్దరూ చిన్నప్పటి నుంచీ కలిసి ఆడారు, ఒకరితో ఒకరు పోటీ పడ్డారు. శిక్షణ కోసం రోమ్ వెళ్లాక ఒకే గదిలో ఉన్నారు. 1999లో ఫ్రెంచ్ ఓపెన్ జూనియర్ బాలికల డబుల్స్ టైటిల్‌నూ జంటగానే గెలిచారు. ఈ ఇద్దరూ పదహారేళ్ల తర్వాత న్యూయార్క్‌లో, ప్రపంచంలోనే అతి పెద్ద టెన్నిస్ స్టేడియంలో, నెట్‌కు చెరోవైపు నిలబడతారని అప్పుడు ఎవరైనా అని ఉంటే నవ్వి ఊరుకునేవాళ్లే.

టాప్-10లో తొలి ఇటలీ మహిళ

ఫ్లావియా 2000లో ప్రొఫెషనల్ అయింది. మహిళల టెన్నిస్ సంఘం (డబ్ల్యూటీఏ) టోర్నీల్లో తొలి సింగిల్స్ టైటిల్‌కు నాలుగేళ్లు పట్టింది. 2004లో పోలండ్‌లోని సోపోట్‌లో గెలిచింది. ఆ తర్వాత బొగోటా, అకపుల్కో, వీన్యా డెల్ మార్ అంటూ లాటిన్ అమెరికా మట్టి కోర్టుల మీద టైటిళ్లు పోగేసింది. 2009 వేసవిలో పలెర్మో, లాస్ ఏంజెలిస్ టోర్నీలు వరుసగా నెగ్గి, ఆగస్టు 17న ప్రపంచ పదో ర్యాంకుకు చేరింది. టాప్-10లో అడుగుపెట్టిన తొలి ఇటలీ మహిళ ఆమే. అప్పటికి వయసు 27. చాలామంది ఆ వయసుకు కెరీర్ శిఖరం దాటేసి ఉంటారు.

ఆరుసార్లు ఓటమి అంచు దాకా

ఆ ర్యాంకు వచ్చిన కొద్ది రోజులకే యూఎస్ ఓపెన్. నాలుగో రౌండ్‌లో ప్రత్యర్థి రష్యాకు చెందిన వెరా జ్వొనరేవా. తొలి సెట్ 3-6తో పోయింది. రెండో సెట్లో జ్వొనరేవాకు ఒకటి కాదు, ఆరు మ్యాచ్ పాయింట్లు దొరికాయి. ఆరింటినీ ఫ్లావియా కాచుకుంది. ఆ సెట్‌ను టైబ్రేక్‌లో 8-6తో లాక్కుంది. చేతిదాకా వచ్చిన మ్యాచ్ జారిపోతుంటే జ్వొనరేవా తట్టుకోలేకపోయింది. ఏడుస్తూ మోకాళ్లకు చుట్టిన టేపును తనే పీకేసుకుంది. మూడో సెట్ 6-0. పాతికసార్లు చెప్పుకోదగ్గ ఈ మ్యాచ్ తర్వాత క్వార్టర్స్‌లో సెరెనా విలియమ్స్ చేతిలో ఓడినా, న్యూయార్క్ ప్రేక్షకులు ఫ్లావియాను గుర్తుపెట్టుకున్నారు.

జంటగా నంబర్‌వన్

సింగిల్స్‌లో గ్రాండ్‌స్లామ్ కంటే ముందే డబుల్స్ ఆమెను శిఖరానికి చేర్చింది. అర్జెంటీనాకు చెందిన గిసెలా డుల్కో ఆమె జోడీ. ఇద్దరూ 2010లో దోహాలో జరిగిన సీజన్ ముగింపు ఛాంపియన్‌షిప్ గెలిచారు. 2011 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఫైనల్లో అజరెంకా, కిరిలెంకో జోడీకి తొలి సెట్ 2-6తో ఇచ్చేసి, ఆపై 7-5, 6-1తో కప్పు అందుకున్నారు. 2011 ఫిబ్రవరి 28న ఫ్లావియా డబుల్స్ ర్యాంకింగ్స్‌లో ఒకటో స్థానానికి చేరింది. మగవాళ్లలోనూ ఆడవాళ్లలోనూ, సింగిల్స్‌లో గానీ డబుల్స్‌లో గానీ, అంతకుముందు ఇటలీ నుంచి ఎవరూ నంబర్‌వన్ కాలేదు.

దేశానికి నాలుగు కప్పులు

పురుషులకు డేవిస్ కప్ ఎలాగో మహిళలకు ఫెడ్ కప్ అలాగ. ఇప్పుడు దాన్ని బిల్లీ జీన్ కింగ్ కప్ అంటున్నారు. 2006, 2009, 2010, 2013... ఎనిమిదేళ్లలో నాలుగుసార్లు ఇటలీ దీన్ని గెలిచింది. నాలుగు జట్లలోనూ ఫ్లావియా ఉంది. 2009, 2010 ఫైనల్స్ రెండింటిలోనూ ప్రత్యర్థి అమెరికానే. రెండుసార్లూ ఇటలీకి కప్పు ఖాయం చేసిన మ్యాచ్ ఫ్లావియాదే. మొదటిసారి సొంతగడ్డ రెజ్జో కలాబ్రియాలో మెలనీ ఊదిన్‌ను ఓడించింది. మరుసటి ఏడు ప్రత్యర్థి గడ్డ శాన్ డియాగోలో కోకో వాండెవే మీద గెలిచింది.

మణికట్టు మొరాయిస్తే...

2012 ఆగస్టు చివర్లో కుడి మణికట్టుకు ఆపరేషన్. టెన్నిస్ ఆడేవాళ్లకు మణికట్టే ప్రాణం. బంతికి దిశ ఇవ్వడంలో, దాన్ని తిప్పడంలో దాని పాత్ర పెద్దది. ఆ సీజన్ అక్కడితో ముగిసింది. కొన్ని నెలల తర్వాత తిరిగి వచ్చినా గెలుపులు రాలేదు. ర్యాంకు 150 కూడా దాటి కిందికి పోయింది. ముప్పై నిండిన మనిషి, పైగా ఆపరేషన్ అయిన చెయ్యి. ఇక చాలించుకుంటుందేమో అనుకున్నారంతా. 2013 యూఎస్ ఓపెన్‌కు ఆమె 83వ ర్యాంకుతో, సీడింగ్ లేకుండా వచ్చింది. సారా ఎర్రానీ, కుజ్నెత్సోవా, హాలెప్, విన్చీలను వరుసగా దాటి సెమీస్ చేరింది! సింగిల్స్‌లో అది ఆమెకు తొలి గ్రాండ్‌స్లామ్ సెమీఫైనల్. అజరెంకా చేతిలో ఓడినా, ఆమె పని అయిపోలేదని అందరికీ తెలిసివచ్చింది.

ఎడారి టోర్నీలో ఇద్దరు టాప్ సీడ్‌లకూ చెక్

కాలిఫోర్నియా ఎడారిలో ఏటా జరిగే ఇండియన్ వెల్స్ టోర్నీ గ్రాండ్‌స్లామ్‌ల తర్వాత అంత పేరున్నది. 2014లో ఫ్లావియా అక్కడ 20వ సీడ్. సెమీస్‌లో టాప్ సీడ్ లీ నాను, ఫైనల్లో రెండో సీడ్ రద్వాన్‌స్కాను ఓడించింది. ఫైనల్ స్కోరు 6-2, 6-1. అప్పటిదాకా ఆమె గెలిచిన వాటిలో ఇదే అతి పెద్ద సింగిల్స్ టైటిల్.

మన సానియాకు అడ్డొచ్చిన జోడీ

2014 యూఎస్ ఓపెన్ మహిళల డబుల్స్ సెమీస్‌లో సానియా మీర్జా, కారా బ్లాక్ జోడీ ఓడింది ఎవరి చేతిలోనో తెలుసా? హింగిస్, ఫ్లావియా పెన్నెట్టాల చేతిలో. మరుసటి ఏడాది హింగిస్ సానియా పక్కకు వచ్చేసింది. 2015లో మళ్లీ అదే టోర్నీ, అదే సెమీస్. ఈసారి ఫ్లావియా పక్కన సారా ఎర్రానీ. సానియా, హింగిస్ 6-4, 6-1తో గెలిచి పాత బాకీ తీర్చేశారు. సెప్టెంబరు 13న కప్పూ వాళ్లదే. అయితే ఫ్లావియా ఆ ఓటమికి బాధపడే తీరిక లేకుండానే ఉంది. ముందురోజే సింగిల్స్ కప్పు ఆమె చేతికొచ్చింది మరి!

ప్రపంచమంతా సెరెనా కోసం చూస్తుంటే...

2015లో సెరెనా విలియమ్స్ అప్పటికే మూడు గ్రాండ్‌స్లామ్‌లు గెలిచింది. యూఎస్ ఓపెన్ కూడా నెగ్గితే ఒకే ఏడాది నాలుగూ గెలిచిన ఘనత దక్కేది. గురువారం జరగాల్సిన సెమీస్ వాన వల్ల శుక్రవారానికి, సెప్టెంబరు 11కు మారాయి. ఒక సెమీస్‌లో 26వ సీడ్ ఫ్లావియా, ప్రపంచ రెండో ర్యాంకర్ హాలెప్‌ను గంటలోపే 6-1, 6-3తో ఇంటికి పంపింది. రెండో సెమీస్‌లో 43వ ర్యాంకర్ విన్చీ 2-6, 6-4, 6-4తో సెరెనాను ఓడించింది. టెన్నిస్ చరిత్రలోనే అతి పెద్ద సంచలనాల్లో ఒకటిగా ఇప్పటికీ దీన్ని చెప్పుకుంటారు. అలా సింగిల్స్ గ్రాండ్‌స్లామ్ ఫైనల్లో తొలిసారిగా ఇద్దరూ ఇటలీ వాళ్లే నిలిచారు. అప్పటి ఇటలీ ప్రధాని మతేయో రెంజీ ఉన్నపళంగా విమానమెక్కి న్యూయార్క్ చేరుకున్నారు.

ప్రత్యర్థి పక్కనే కూర్చుని కబుర్లు

ఫైనల్లో ఇద్దరి ఆటకూ పొంతన లేదు. విన్చీది ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్. బంతిని కోసి, కిందికి జార్చి, నెట్ దగ్గరకు దూసుకొచ్చే పాతకాలపు ఆట. ఫ్లావియాది రెండు చేతుల బ్యాక్‌హ్యాండ్. బేస్‌లైన్ దగ్గర పాతుకుపోయి, నేరుగా, బలంగా కొట్టే ఆట. తొలి సెట్ టైబ్రేక్ దాకా వెళ్లింది. దాన్ని 7-4తో గెలిచాక ఫ్లావియా ఇక ఆగలేదు. 7-6, 6-2. చివరి పాయింటు కాగానే రాకెట్‌ను గాల్లోకి విసిరేసింది. నెట్ దగ్గర ఇద్దరూ చాలాసేపు కౌగిలించుకున్నారు. తర్వాత చూసినవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. బహుమతుల కోసం ఎదురుచూస్తూ గెలిచినామె, ఓడినామె పక్కపక్క కుర్చీల్లో కూర్చుని నవ్వుకుంటూ కబుర్లలో పడ్డారు.

49వ సారికి

ఫ్లావియా ఆడిన 49వ గ్రాండ్‌స్లామ్ అది. తొలి సింగిల్స్ టైటిల్ కోసం ఇన్ని టోర్నీలు ఆడిన మహిళ మరొకరు లేరు. అంతకుముందు ఆ రికార్డు ఫ్రాన్స్‌కు చెందిన మరియన్ బార్తోలిది. ఆమె 2013లో వింబుల్డన్‌ను 47వ ప్రయత్నంలో గెలిచింది. చిత్రమేమిటంటే, బార్తోలి కూడా ఆ గెలుపు తర్వాత నలభై రోజులు తిరక్కుండానే ఆటకు స్వస్తి చెప్పింది. ఓపెన్ శకంలో అత్యధిక వయసులో తొలి సింగిల్స్ గ్రాండ్‌స్లామ్ గెలిచిన మహిళ కూడా ఫ్లావియానే. 33 ఏళ్ల ఆరు నెలలు.

కప్పు పట్టుకుని వీడ్కోలు

విజేతగా మైకు అందుకున్న ఫ్లావియా, టెన్నిస్‌కు ఇలాగే వీడ్కోలు చెప్పాలనుకుంటున్నానంది. ఆ నిర్ణయం నెల కిందే తీసుకున్నానని కూడా చెప్పింది. అంటే గెలిచిన ఆనందంలో నోరుజారిన మాట కాదు. అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. సెప్టెంబరు 28న ఆమె కెరీర్‌లోనే అత్యుత్తమమైన ఆరో ర్యాంకుకు చేరింది. వీడ్కోలు మాట చెప్పాక ర్యాంకు పెరగడం అరుదే కదా! ఒప్పుకున్న సీజన్‌ను పూర్తి చేయడానికి అక్టోబరులో సింగపూర్‌లో సీజన్ ముగింపు టోర్నీ ఆడింది. అక్కడ రద్వాన్‌స్కాపై గెలిచింది. చివరి మ్యాచ్‌లో షరపోవా చేతిలో ఓడి రాకెట్ పక్కన పెట్టేసింది.

ఇంట్లో మరో ఆటగాడు

ఫ్లావియా గెలిచిన 2015 యూఎస్ ఓపెన్‌లోనే ఇటలీ ఆటగాడు ఫాబియో ఫోగ్నిని మూడో రౌండ్‌లో రఫెల్ నాదల్‌ను ఓడించాడు. అదీ తొలి రెండు సెట్లు కోల్పోయి! గ్రాండ్‌స్లామ్‌లో రెండు సెట్ల ఆధిక్యం సాధించాక నాదల్ ఓడిపోవడం అదే మొదటిసారి. మరుసటి ఏడాది 2016 జూన్ 11న ఫ్లావియా, ఫోగ్నినిల పెళ్లి జరిగింది. వేదిక బ్రిండిసికి దగ్గర్లోని ఒస్తూని, తెల్లటి ఇళ్లకు పేరుపడ్డ ఊరు.

ఇటలీలో మరికొందరిదీ ఇదే వరస

ఫ్లావియా ఒక్కతే ఆలస్యంగా గెలిచిందనుకుంటే పొరపాటే. ఫ్రాన్సెస్కా స్కియవోనే 2010లో ఫ్రెంచ్ ఓపెన్ గెలిచింది. సింగిల్స్ గ్రాండ్‌స్లామ్ గెలిచిన తొలి ఇటలీ మహిళ ఆమే. అప్పటికి ముప్పైకి దగ్గరపడింది. విన్చీ 2016లో, 33 ఏళ్లకు తొలిసారి టాప్-10లోకి వచ్చింది. అంత వయసులో ఆ జాబితాలోకి కొత్తగా చేరినవాళ్లు అంతకుముందు లేరు. జాస్మిన్ పవొలీనీ 2024లో, 28 ఏళ్ల వయసులో ఫ్రెంచ్ ఓపెన్, వింబుల్డన్ ఫైనల్స్ రెండూ ఆడింది. అదే ఏడాది పారిస్ ఒలింపిక్స్‌లో డబుల్స్ స్వర్ణం కూడా గెలిచింది. టెన్నిస్‌లో ఇటలీకి అదే తొలి ఒలింపిక్ స్వర్ణం. ఆమె జోడీ ఎవరంటే, 2015లో ఫ్లావియా పక్కన ఆడి సానియా చేతిలో ఓడిన సారా ఎర్రానీ. అప్పటికి ఎర్రానీ వయసు 37!

గబగబా మరికొన్ని

• ఫ్లావియా గెలిచిన డబ్ల్యూటీఏ సింగిల్స్ టైటిళ్లు 11, డబుల్స్ టైటిళ్లు 17.

• యూఎస్ ఓపెన్ సింగిల్స్‌లో ఆమె ఆరుసార్లు క్వార్టర్స్ చేరింది. మిగతా మూడు గ్రాండ్‌స్లామ్‌లలో ఎక్కడా ఇంత నిలకడ లేదు.

• 2015 యూఎస్ ఓపెన్ గెలిచినందుకు వచ్చిన బహుమతి 33 లక్షల డాలర్లు.

• 2016 యూఎస్ ఓపెన్ మహిళల సింగిల్స్‌లో డిఫెండింగ్ ఛాంపియన్ పేరే లేదు. ఆ కప్పు జర్మనీకి చెందిన ఆంజెలిక్ కెర్బర్‌కు దక్కింది. 2011లో 92వ ర్యాంకులో ఉండి, అదే టోర్నీ క్వార్టర్స్‌లో ఫ్లావియాకు షాకిచ్చింది ఈ కెర్బరే!