ఒకే టేపు... రెండు రికార్డులు!

స్టాన్లీ కుబ్రిక్ తీసిన '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' చూశారా? 1968లో వచ్చిన ఆ సినిమా చూడకపోయినా ఫరవాలేదు, దాని మొదటి సంగీతం మాత్రం మీ చెవిన పడే ఉంటుంది. తెరంతా చీకటి... భూమి పొరల్లోంచి వస్తున్నట్టు ఒక హుంకారం... దాని మీద ట్రంపెట్లు మెట్టు మెట్టుగా పైకెక్కుతాయి... వెనకే డోలు దెబ్బలు! ఎక్కడ ఎవరు ఆర్భాటంగా తెర లేపాలన్నా ఇప్పటికీ ఆ ముక్కే వాయిస్తారు. జర్మన్ సంగీతకర్త రిచర్డ్ స్ట్రాస్ 1896లో రాసిన 'ఆల్సో స్ప్రాక్ జరతుస్త్ర' ఆరంభం అది.

ఇందులో ఒక తమాషా ఉంది. సినిమాలో మోగింది డెక్కా కంపెనీ 1959లో వియన్నాలో తీసిన రికార్డింగు. నడిపించినవాడు హెర్బర్ట్ ఫాన్ కరాయన్. కాని డెక్కావాళ్లు తమ పేరు బయటికి రావడానికి ఇష్టపడలేదు. దాంతో సినిమా పేరుతో వచ్చిన సౌండ్‌ట్రాక్ ఎల్.పి.లో వేరే రికార్డింగు పెట్టారు – కార్ల్ బోమ్ బెర్లిన్‌లో చేసింది. హాల్లో విని మోజుపడి కొట్టుకి పరుగెత్తిన కుర్రాళ్లకి చేతికొచ్చింది ఒకటి, చెవిలో ఉన్నది మరొకటి!

సరే, అక్కడ వాయించినవాళ్లే వేరు కాబట్టి తేడా ఉండడంలో వింత లేదు. వాయించినవాళ్లు వాళ్లే, హాలు అదే, ఆ రోజు తిరిగిన టేపు కూడా అదే అయి, రికార్డులు మాత్రం రెండు రకాలుగా మోగితే? ఈ వారం నా గొడవ అది.

మొదటి రిలీజు – మళ్లీ రిలీజు

పాత సినిమాలకి కొత్త ప్రింట్లు వేసి మళ్లీ రిలీజ్ చేస్తే మనవాళ్లు హాల్లో కాగితాలు ఎగరేసి గోల చేస్తున్నారు కదా! రికార్డుల లోకంలోనూ అంతే. యాభై అరవై ఏళ్ల నాటి పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం టేపులు బయటికి తీసి, కొత్తగా ఎల్.పి.లు కోసి అమ్ముతున్నారు. వాటిని రీఇష్యూలంటారు. ఆ రోజుల్లోనే అచ్చయిన పాత ఎల్.పి. ఒరిజినల్ ప్రెస్సింగ్. ఒరిజినల్ కోసం వందల డాలర్లు పోసేవాళ్లున్నారు. "అందులో ఉన్న ప్రాణం కొత్తదాంట్లో ఎక్కడుందండీ!" అని వాళ్ల వాదం. "చిటపటలు తప్ప ఏముంది అందులో?" అని అవతలి పార్టీ. అభిమాన సంఘాల తగువులు మనకి కొత్తా ఏమన్నానా!

ఈ తగువుకి తగిన సరుకు 'జరతుస్త్ర'లోనే ఉంది. సినిమాలోది కాదు. ఫ్రిట్జ్ రైనర్ అనే హంగేరియన్ కండక్టరు షికాగో సింఫనీ ఆర్కెస్ట్రాతో 1954 మార్చి 8న షికాగో ఆర్కెస్ట్రా హాల్లో చేసిన రికార్డింగు. తీసింది ఆర్.సి.ఏ. విక్టర్. మనకి హెచ్.ఎమ్.వి. రికార్డు మీద కనిపించే కుక్కపిల్లే అమెరికాలో ఈ ఆర్.సి.ఏ. వారి ఇంటి కుక్క. రైనరు కుర్రతనంలో స్ట్రాస్‌ని దగ్గరగా చూసినవాడు. స్టీరియో ఎల్.పి.లు 1958లో గాని అంగట్లోకి రాలేదు. అంటే కొనేవాడు పుట్టకముందే సరుకు తయారుచేసి దాచారన్న మాట! ముందు మోనోలో వదిలారు, స్టీరియో ఎల్.పి. తర్వాత వచ్చింది. ఆ స్టీరియో రికార్డుల్లో తొలినాటివాటి లేబుల్ మీద కుక్క వెనకాల నీడలా రంగు వేసి ఉంటుంది. అందుకే సేకరించేవాళ్లు దాన్ని 'షేడెడ్ డాగ్' అని ముద్దుగా పిలుచుకుంటారు.

ఇదే టేపు నుంచి క్లాసిక్ రికార్డ్స్ అనే కంపెనీ 1990లలో ఒక రీఇష్యూ తెచ్చింది. కోసినవాడు హాలీవుడ్‌లో పేరుమోసిన బెర్నీ గ్రండ్‌మన్. తర్వాత 2013 నుంచి అనలాగ్ ప్రొడక్షన్స్ వాళ్లు ఈ ఆర్.సి.ఏ. వరస మళ్లీ అందుకున్నారు. ర్యాన్ స్మిత్ కోశాడు, కాన్సస్ రాష్ట్రంలో సలైనా అనే ఊళ్లో అచ్చువేశారు. ఒక్కొక్కటి రెండు వందల గ్రాముల బరువు. చేత్తో పట్టుకుంటే అట్లపెనంలా ఉంటుంది!

మాస్టారి గదిలో

ఈ మూడూ ఒకేచోట ఉన్న ఇల్లు హైదరాబాదులో ఒకటి నాకు తెలుసు. మద్రాసు స్టూడియోల్లో సౌండు విభాగంలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఇల్లది. పేరు రాయొద్దన్నారు కాబట్టి మాస్టారు అనే అందాం. నేను వెళ్లేసరికి మూడు రికార్డులూ కడిగి, గుడ్డతో తుడిచి సిద్ధంగా ఉంచారు.

"ఏవోయ్, అట్టలు చూస్తూ వింటే అట్టలే వినిపిస్తాయి. అటు తిరిగి కూచో" అన్నారు.

"మరీ అంతనా మాస్టారూ?"

"అంతే! ఇంకోటి. మూడింటినీ ఒకే వాల్యూములో పెడతాను. కొంచెం గట్టిగా మోగింది మంచిదనిపించడం చెవికున్న జబ్బు. మిక్సింగ్ థియేటర్లో పెద్ద పెద్ద డైరెక్టర్లే బోల్తా పడేవారు."

గోడకేసి తిరిగి కూచున్నాను. మొదటిది మొదలవగానే చిటపటలు. చూడనక్కర్లేకుండానే తెలిసిపోయింది, ఇది షేడెడ్ డాగ్! ఆరంభంలో ఆర్గాను, డబుల్ బేసులు కలిసి పలికే ఆ అడుగు స్వరం ఉందే... సెకనుకి దాదాపు ముప్ఫై మూడు కంపనాలు. చెవికంటే పొట్టకి బాగా తెలిసే స్వరం అది. ఈ రికార్డులో అది ఉందని నమ్మాలి, అంతే! కాని ట్రంపెట్లు లేచాక చూడాలి. ఎదురుగా మనిషి నిలబడి ఊదినట్టు, పెదవి ఒత్తిడి తెలిసేలా! వయొలిన్లు వచ్చాక మరీనూ. ఒక్కొక్క కమాను వేరుగా తెలుస్తూనే అన్నీ కలిసి పట్టుబట్టలా జారిపోయాయి. ఆ సుఖం మూడింట్లోనూ మరి దేంట్లోనూ రాలేదు.

రెండోది పెట్టారు. అడుగు స్వరం వచ్చింది! కిటికీ అద్దం సన్నగా వణికింది. అయితే వయొలిన్లు మాత్రం కాస్త కరుకు. హాల్లో మొదటి వరసలో కూచోబెట్టి మొహం మీద టార్చిలైటు కొట్టినట్టు. మూడోది పెట్టేసరికి ముందుగా తెలిసింది నిశ్శబ్దం. ముల్లు ఆనిందో లేదో అని సందేహం వచ్చేంత! హుంకారం గదంతా నిండింది. ట్రంపెట్ల తర్వాత ఆర్కెస్ట్రా ఆగిపోయి ఆర్గాను ఒక్కటే నిలబడే క్షణం ఒకటుంది... అక్కడ హాలు ఎంత పెద్దదో, పైకప్పు ఎంత ఎత్తో కొలిచి చెప్పొచ్చు. వయొలిన్లు మెత్తగానే ఉన్నాయి. కాని పాతదాంట్లోని ఆ మెరుపు ఒక వీసమెత్తు తక్కువ.

"ఎందుకిలా?" అనడిగాను.

కోసేవాడి చేతిలో ఉంది

మాస్టారు చెప్పింది సినిమా భాషలో చెబుతాను. మాస్టర్ టేపు మన నెగటివ్ లాంటిది. రికార్డు ప్రింటు. మధ్యలో చాలా చేతులు మారుతుంది. టేపు వాయిస్తూ ఒక మెత్తటి లాకరు పళ్లెం మీద గాడి కోస్తారు. దాని మీద లోహం పూత పెట్టి అచ్చు తీస్తారు, అచ్చుకి అచ్చు తీస్తారు, చివరి అచ్చుతో వినైల్‌ని ఒత్తుతారు. ఆ అచ్చు అరిగేకొద్దీ శబ్దమూ అరుగుతుంది. కాబట్టి 'ఒరిజినల్' అని ఎగరేసినంత మాత్రాన సరిపోదు. ఆ అచ్చు మీద ఒత్తిన మొదటి రికార్డుల్లో ఒకటా, చిట్టచివరిదా అన్నది కూడా ఉంది.

ఇక బేసు సంగతి. 1950, 60లలో ఇళ్లలో ఉన్న ప్లేయర్లు మహా నాటువి. బేసు గట్టిగా కోస్తే గాడి అటూ ఇటూ పెద్ద మెలికలు తిరుగుతుంది. బరువైన ముల్లు అందులో నిలబడలేక పక్క గాడిలోకి దూకుతుంది. కొన్నవాడు "ఇది పాడు రికార్డు" అని తెచ్చి కొట్టువాడి మొహాన పడేస్తాడు. అందుకని కంపెనీలు కోసేటప్పుడే బేసు కొంత తగ్గించేవి. 1963లో ఆర్.సి.ఏ. అయితే డైనాగ్రూవ్ అని ఒక పద్ధతే పెట్టి, మామూలు ప్లేయర్లకి తగ్గట్టు శబ్దాన్ని ముందే సవరించి మరీ కోసింది. సేకరించేవాళ్లు ఇప్పటికీ ఆ పేరు చెబితే మూతి విరుస్తారు. అంటే మనం పూజించే పాత రికార్డు ఆనాటి చవక ముల్లుకి భయపడి తయారైందన్న మాట. ఈనాడు కోసేవాడికి ఆ భయం లేదు.

మరి వయొలిన్ల మెరుపో? ఆ లోటు కోసేవాడిది కాదు, టేపుది. షేడెడ్ డాగ్ కోసిన రోజున ఆ టేపు పడుచుది. ఇప్పుడు దానికి డెబ్భై ఏళ్లు దాటాయి. టేపు మీది అయస్కాంతపు పొడి ఏళ్ల తరబడి రాలుతుంది. వాయించిన ప్రతిసారీ కొంత పోతుంది. ముందుగా పోయేవి ఆ సన్నని పై స్వరాలే. ఎంత గొప్ప ఇంజనీరైనా టేపులో మిగలనిదాన్ని తేలేడు కదా!

ఇంకో చిక్కు లెక్కల్లో ఉంది. ఎల్.పి. అంచున గాడి ముల్లు కింద సెకనుకి దాదాపు 51 సెంటీమీటర్లు పరుగెడుతుంది. లోపల లేబుల్ దగ్గరికొచ్చేసరికి 21కి పడిపోతుంది. సింఫనీల సంగతేమో చివరికొచ్చేసరికి అందరూ కలిసి దంచుతారు. సినిమా క్లైమాక్సులాగే! అంత శబ్దం అంత ఇరుకు చోట పట్టక గరగరమంటుంది. పాత రికార్డుల్లో ఆ గాడిని ఎవరి తాతగారి బరువు ముల్లో అప్పటికే దున్నేసి కూడా ఉంటుంది. అందుకే కొన్ని రీఇష్యూల్లో ఒక ఎల్.పి.ని రెండు పళ్లేలకి పరిచి 45 స్పీడులో కోస్తున్నారు. శబ్దం బాగుంటుంది. పది నిమిషాలకోసారి లేవాలి, అదీ ఇబ్బంది.

రీఇష్యూ పైచేయి అయిన చోట్లూ ఉన్నాయి. జర్మనీలో డాయిచ్ గ్రామఫోన్ వాళ్లు 1970లలో చాలా ట్రాకుల మీద రికార్డు చేసి, దాన్ని రెండు ట్రాకుల టేపుకి కుదించి, దాన్నుంచి రికార్డు కోశారు. 2023 నుంచి 'ఒరిజినల్ సోర్స్' అనే వరసలో ఆ మధ్య టేపుని పక్కకి నెట్టి, మొదటి టేపునే వాయిస్తూ, అక్కడికక్కడే కలుపుతూ నేరుగా కోస్తున్నారు. అలా వచ్చినవాటిలో కరాయన్ 1973 నాటి మాలర్ ఐదో సింఫనీ ఉంది. విస్కాంటీ సినిమా 'డెత్ ఇన్ వెనిస్'(1971) చూసినవాళ్లకి అందులోని నాలుగో భాగం గుర్తుంటుంది. ఇక్కడ పాత ప్రెస్సింగే మూలానికి ఒక మెట్టు దూరం, కొత్తదే దగ్గర!

ఇంకా చెబితే నమ్మరు. అమెరికాలో మెర్క్యురీ కంపెనీవాళ్లు 1960ల మొదట్లో టేపు చాలదని 35 మిల్లీమీటర్ల మాగ్నెటిక్ ఫిల్ము మీదే సింఫనీలు రికార్డు చేశారు. "అది మా డబ్బింగ్ థియేటర్లో వాడిందేనోయ్!" అని మాస్టారు కుర్చీలోంచి లేచారు. వెడల్పెక్కువ, మందం ఎక్కువ, పళ్లచక్రం లాగుతుంది కాబట్టి జారుడు లేదు. కాని పాత ఫిల్ముకి పట్టే జబ్బే దానికీ పట్టింది. ఏళ్లు గడిచేసరికి సిర్కా వాసన కొట్టి ముడుచుకుపోతుంది. అలాంటప్పుడు దాన్నుంచి తొలినాళ్లలో కోసిన రికార్డే సాక్ష్యం.

చెవులకి పరీక్ష

2022 జులైలో ఒక గలాటా జరిగింది. మొబైల్ ఫిడెలిటీ అనే అమెరికా కంపెనీ రీఇష్యూలంటే అనలాగ్ భక్తులకి ప్రాణం. టేపు నుంచి నేరుగా కోస్తారు, మధ్యలో డిజిటల్ ముట్టరు అని అందరి నమ్మకం. తీరా చూస్తే చాలా ఏళ్లుగా మధ్యలో డిజిటల్ మెట్టు ఉందని ఆ కంపెనీ ఇంజనీర్లే ఒప్పుకున్నారు! డిజిటల్ అంటే ఆమడ దూరంలో పసిగడతాం అన్న చెవులే అన్నేళ్లూ వాటిని ఆహా ఓహో అన్నాయి. కోర్టు కేసులూ అయ్యాయి. చెప్పకపోవడం తప్పే, అందులో అనుమానం లేదు. కాని గోడకేసి తిరిగి కూచోమన్న మాస్టారి మాట నాకు అప్పుడు ఇంకా బాగా నచ్చింది.

ఇంతకీ ఏది కొనమంటారు అంటారా? కొత్తగా మొదలెట్టే కుర్రాళ్లయితే మూడోది, సందేహం లేదు. చిటపటల మధ్య సంగీతం వెతుక్కునే ఓపిక తర్వాత వస్తుంది. షేడెడ్ డాగ్ ఎవరింట్లోనైనా అటక మీద కనిపిస్తే మాత్రం తూకానికి వేయనివ్వకండి. పట్టుబట్టి తీసుకోండి. దానికో కారణం ఉంది. ఆ ఆర్కెస్ట్రా హాలుని 1966లో మరమ్మతు చేశారు. పాత మోత పోయి హాలు పొడిబారిపోయింది. రైనరు కాలపు ఆ గాలి ఆ టేపులో, ఆ టేపు పడుచుగా ఉన్నప్పటి రూపం ఆ కుక్కబొమ్మ రికార్డులో ఉన్నాయి. కరాయన్ జరతుస్త్ర తీసిన వియన్నా సోఫియన్‌సాల్ 2001లో అగ్నిప్రమాదంలో కాలిపోయింది.

ఒక చిన్న ముచ్చట చెప్పి సెలవు తీసుకుంటాను. లండన్‌లో డెక్కా, ఇ.ఎమ్.ఐ. కంపెనీలు వందల రికార్డులు తీసిన కింగ్స్‌వే హాలు అని ఒకటుండేది. 1998లో పడగొట్టారు. దాని అడుగునుంచే భూగర్భ రైళ్లు పోయేవి. బేసు దాచకుండా కోసిన మంచి రీఇష్యూలో, వయొలిన్లు నెమ్మదించిన చోట, ఉన్నట్టుండి అడుగునుంచి 'గుర్ర్ర్...' మని వినిపిస్తుంది. స్పీకరు పాడైందని మెకానిక్కుని పిలిచేరు! అది రైలు.