తుంగకు ఎన్ని పేర్లో!

బళ్లారి వైపు మెక్కెజోళ అన్నా, కృష్ణగిరి వైపు మక్కాచ్చోళం అన్నా, రాయగడలో మకా అన్నా, మన ఇళ్లల్లో అది మొక్కజొన్నే. పంట పేరు దగ్గర ఎవరూ తికమకపడరు. చిక్కంతా కలుపు పేర్ల దగ్గరే.

మనం తుంగ అనేదాన్ని కన్నడంలో జేకు అంటారు. తమిళంలో కోరై, ఒడియాలో ముథా, మరాఠీలో లవ్హాళా. ఆ పేరు నోటికి రాక దుకాణంలో 'గడ్డి మందు' అని అడిగితే అట్రజిన్ పొట్లం చేతిలో పెట్టే అవకాశమే ఎక్కువ. అట్రజిన్ మంచి మందే. విత్తిన రెండు రోజుల్లోపు, తేలిక నేలల్లో ఎకరాకు 800 గ్రాములు 200 లీటర్ల నీటిలో కలిపి తడి నేలపై చల్లితే గింజ నుంచి మొలిచే కలుపు చాలావరకు ఆగుతుంది. తుంగ అలా కాదు, నేలలోని గడ్డ నుంచి లేస్తుంది. కొడవలితో కోసినా వారంలో మళ్లీ పచ్చగా కనిపిస్తుంది. దానికి హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ వేరుగా ఉంది. ఎకరాకు 36 గ్రాములు, తుంగ లేతగా ఉన్నప్పుడే. కంది, అలసంద అంతరపంటగా ఉంటే మాత్రం అట్రజిన్ జోలికి పోకూడదు, పప్పుమొక్కలు మాడిపోతాయి. అక్కడ పెండిమిథాలిన్ వాడతారు.

తప్పు మందుతో డబ్బు పోవడం ఒక ఎత్తు, రోజులు పోవడం మరో ఎత్తు. మొక్కజొన్నకు మొదటి ఆరు వారాలే కీలకం. ఆ తర్వాత పైరు కమ్ముకుని నీడతోనే కలుపును అణుస్తుంది. ఖరీఫ్‌లో ఆ ఆరు వారాలూ బడి తెరిచిన కొత్తలోనే పడతాయి. మందు పని చేయకపోతే కూలీల ఖర్చు, అది భరించలేకపోతే పిల్లల బడి మానిపింపు. మాకు బాధ కలిగించేది ఇదే.

అందుకే ఉపాధ్యాయులను మేము కోరేది చిన్న పని. పిల్లలు ఒక్కో కలుపు మొక్కను ఎండబెట్టి నోటుబుక్కులో అతికించి, కింద తెలుగు పేరు, పక్కన రాష్ట్ర భాష పేరు రాయాలి. తుంగను గుర్తుపట్టడం వాళ్లకు ఆటే: కాడను వేళ్ల మధ్య దొర్లిస్తే మూడు అంచులు తగులుతాయి. గరికకు అలా ఉండవు. వయ్యారిభామను మాత్రం పిల్లల చేత పీకించవద్దు, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి.

తల్లిదండ్రులకు ఒక మాట. మందు పొట్లంలోని కరపత్రాన్ని రెండు భాషలు వచ్చిన మీ పిల్లల చేత చదివించుకోండి. కలపడం, చల్లడం మాత్రం పెద్దలే చేయాలి, పిల్లలను గట్టు దగ్గరకు కూడా రానివ్వకూడదు.