రైఫిల్ మార్చాలా, ఉన్నదాన్నే బాగు చేయించాలా?



గత నెల పేరెంట్–టీచర్ మీటింగ్‌లో తొమ్మిదో తరగతి బాబు నాన్నగారు ప్రోగ్రెస్ కార్డు పక్కన పెట్టి ఒక ప్రశ్న అడిగారు. "మేడమ్, ఆరు నెలల సంది బాబు స్కోరు ఆడ్నే ఆగింది. కొత్త రైఫిల్ కొనాలంటున్నరు. గోల్డ్ లోన్ పెట్టమంటరా?" ఆయన ఎయిర్‌పోర్టు క్యాబ్ నడుపుతారు. వారంలో మూడు రోజులు బాబును ఆరాంఘర్ నుంచి గచ్చిబౌలి రేంజ్‌లో దించి, అటే డ్యూటీకి వెళ్తారు. నేను చెప్పేది ఇంగ్లిష్. కానీ మూడేళ్లుగా షూటింగ్ పిల్లలకు ఎస్కార్ట్‌గా వెళ్తున్నాను కాబట్టి కోచ్‌ల దగ్గర కొంత నేర్చుకున్నాను.

"గగన్ నారంగ్ నాన్న ప్లాట్ అమ్మి రైఫిల్ కొనిచ్చిండు కదా మేడమ్" అని కూడా ఆయన అన్నారు. ఆ విషయం పత్రికల్లో వచ్చిందే. మన హైదరాబాద్‌లో పెరిగిన గగన్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చారు. అయితే ఆ కథ విని మనం అప్పు చేసే ముందు, తప్పు రైఫిల్‌దో కాదో చూసుకోవాలి. దాన్ని ఒక్క పూటలో తేల్చుకోవచ్చు.

ఈ పోటీలో పదో వలయం అంటే అర మిల్లీమీటరు చుక్క. పెల్లెట్ వెడల్పేమో 4.5 మిల్లీమీటర్లు. పిల్లవాడు నిలబడి కాల్చినప్పుడు చేయి కదిలిందో, రైఫిల్ చెదిరిందో టార్గెట్ చూసి చెప్పలేం. అందుకే కోచ్ రైఫిల్‌ను కదలకుండా బిగించి, ఒకే డబ్బాలోని పెల్లెట్లతో పది షాట్లు కాలుస్తారు. పదీ కలిసి దాదాపు ఒకే రంధ్రంలా పడితే బ్యారెల్ బాగున్నట్టే. చెదిరితే కూడా వెంటనే కొత్తదానికి పరుగెత్తొద్దు. ముందు ఇంకో రకం పెల్లెట్లతో కాల్చి చూడాలి. ఒకే కంపెనీ పెల్లెట్లలోనే 4.49, 4.50, 4.51 సైజులు ఉంటాయి, ఒక్కో బ్యారెల్‌కు ఒక్కోటి నప్పుతుంది. ఆ తర్వాత బ్యారెల్ శుభ్రం చేసి, స్టాక్ స్క్రూలు, సైట్ వదులయ్యాయేమో చూడాలి, లోపలి సీళ్లు మార్పించాలి. ఇవన్నీ అయ్యాక కూడా చెదిరితే అప్పుడు మార్చడం గురించి ఆలోచించవచ్చు. ఎయిర్ రైఫిల్ బ్యారెల్ అంత త్వరగా అరగదు.

సైట్ సంగతి చిన్నది అనుకోకండి. 2008 బీజింగ్‌లో ఫైనల్‌కు ముందు అభినవ్ బింద్రా కాల్చిన ప్రాక్టీస్ షాట్ 4 దగ్గర పడింది. ఆయన సైట్ సరిచేసుకుని, అదే రైఫిల్‌తో స్వర్ణం గెలిచారు.

మన బాబు రైఫిల్ రెండేళ్ల కిందట సెకండ్ హ్యాండ్‌లో కొన్న విదేశీ కంప్రెస్డ్ ఎయిర్ రైఫిల్. బిగించి కాల్చితే పదీ ఒకచోటే పడ్డాయి. మరి స్కోరు ఎందుకు ఆగింది? కొన్నప్పటి నుంచి బాబు నాలుగు అంగుళాలు పెరిగాడు, భుజానికి ఆనించే బట్ మాత్రం పాత కొలతలోనే ఉంది! తల ముందుకు వంచి చూడాల్సి వస్తోంది, మెడ పట్టేస్తోంది. బట్, చెంప ఆనించే పలక రెండూ జరిపేలా ఉండే రైఫిల్ అది. కోచ్ ఆలెన్ కీతో ఇరవై నిమిషాల్లో సరిచేశారు. పెరిగే వయసులో పిల్లల యూనిఫాం కొలతలు చూసుకున్నట్టే మూడు నెలలకోసారి ఇదీ చూసుకోవాలట.

అసలు ఖర్చు ఇంకో చోట బయటపడింది. సిలిండర్ మీద ముద్రించిన తారీఖు. మ్యాచ్ రైఫిల్ సిలిండర్‌కు గరిష్ఠంగా పదేళ్లే గడువు. అది దాటితే పోటీలో పరికరాల తనిఖీ దగ్గర ఆపేయవచ్చు. భద్రత దానికంటే పెద్ద విషయం. అందులో గాలి 200 బార్ దాకా నింపుతారు, అంటే కారు టైరులో ఉండేదానికి దాదాపు 90 రెట్లు. ఈ లెక్క చెప్పగానే క్యాబ్ నడిపే ఆ నాన్నగారికి వెంటనే అర్థమైంది. వారి సిలిండర్‌కు ఇంకా నాలుగు నెలలే మిగిలి ఉంది. సెకండ్ హ్యాండ్ కొనేవాళ్లు ధర అడిగే ముందే ఆ తారీఖు చూడండి. సగం ధరకు వస్తోందంటే ఒక్కోసారి కారణం అదే.

మార్చక తప్పని సందర్భం కూడా ఒకటుంది. స్కూల్ గేమ్స్‌లో ఓపెన్ సైట్ విభాగానికి చవక స్ప్రింగ్ రైఫిల్ సరిపోతుంది. పిల్లవాడు పీప్ సైట్ విభాగానికి మారితే మాత్రం దానికి ఖరీదైన సైట్లు బిగించడం డబ్బు దండగ. పెల్లెట్ బ్యారెల్ దాటేలోపే స్ప్రింగ్ రైఫిల్‌ను కుదిపేస్తుంది, ఆ కుదుపును సైట్ ఆపలేదు. అలాంటప్పుడు చిన్న చిన్న మార్పులకు ఖర్చు పెట్టకుండా కంప్రెస్డ్ ఎయిర్ రైఫిల్‌కే దాచుకోండి. పెల్లెట్ లేకుండా ట్రిగ్గర్ నొక్కే డ్రై ప్రాక్టీస్ కూడా స్ప్రింగ్ రైఫిల్‌తో చేయకూడదు, పిస్టన్ దెబ్బతింటుంది. డ్రై ఫైర్ ఏర్పాటు ఉన్న మ్యాచ్ రైఫిల్ అయితే రోజూ పైసా ఖర్చు లేకుండా ఇంట్లోనే చేయించవచ్చు.

చట్టం సంగతి. 4.5 మిల్లీమీటర్ల లోపు, 20 జౌల్స్ మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్స్ అక్కర్లేదు. మ్యాచ్ రైఫిల్ శక్తి అందులో సగం కూడా ఉండదు. అయినా బిల్లు జాగ్రత్తగా పెట్టుకోండి, రైఫిల్‌ను తాళం వేసిన పెట్టెలో ఉంచండి. విమానంలో క్యాబిన్‌లోకి అనుమతించరు. ముందుగా ఎయిర్‌లైన్‌కు చెప్పి చెక్-ఇన్ లగేజీలోనే పంపాలి.

ఆ నాన్నగారు గోల్డ్ లోన్ మాట వదిలేసి కొత్త సిలిండర్ ఒక్కటే ఆర్డర్ పెట్టారు. బట్ సరిచేసి మూడు వారాలే అయింది కాబట్టి స్కోరు గురించి నేనిప్పుడే ఏమీ చెప్పలేను. బాబు మాత్రం మెడ నొప్పి తగ్గిందన్నాడు. షూటింగ్ జాకెట్ కూడా బిగుతైందట, నిన్న కారిడార్‌లో ఆపి మరీ చెప్పాడు.