చక్రాల ఇంట్లో చెమ్మ

"గాలి రాకుండా తలుపులన్నీ బిగించి పడుకోండి, పిల్లలకి జలుబు చేస్తుంది." చలికాలం వచ్చిందంటే మన ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే మొదటి మాట ఇదే. మన పెంకుటిళ్లకీ, సందులున్న చెక్క తలుపులకీ ఆ మాట చెల్లింది. ఎంత బిగించినా ఎక్కడో ఓ మూల నుంచి గాలి వస్తూనే ఉండేది. అదే మాట పట్టుకుని రేకు డబ్బాలాంటి క్యాంపర్‌వ్యాన్‌లో, అదీ స్కాట్లాండు చలిలో పడుకుంటే ఏమవుతుందో గ్లాస్గోలో ఉన్న మా పిన్ని కూతురు చెబితే తెలిసింది.

క్యాంపర్‌వ్యాన్ అంటే తెలియనివాళ్లకి రెండు ముక్కలు. మన మెటాడోరంత బండి. లోపల మడత మంచం, రెండు పొయ్యిల స్టవ్, చిన్న సింకు, అలమరలు. ఎక్కడ రాత్రయితే అక్కడ ఆగే చోటు చూసుకుని నిలిపేసి, అందులోనే వండుకుని, అందులోనే పడుకోవచ్చు. ఇండియా వచ్చి వెళ్లడానికి నలుగురి టిక్కెట్లకయ్యే ఖర్చు చూసి, మా చెల్లెలి కుటుంబం క్రిస్మస్ సెలవులకి ఇలాంటి బండి అద్దెకు తీసుకుంది. ఇన్వర్‌నెస్ కోట దగ్గర మొదలై స్కాట్లాండు ఉత్తర తీరమంతా చుట్టి తిరిగి అక్కడికే చేరే 500 మైళ్ల పైచిలుకు దారి ఒకటుంది. 2015లో దానికి 'నార్త్ కోస్ట్ 500' అని పేరు పెట్టి పర్యాటకులకి పరిచయం చేశారు. వీళ్లు పట్టింది ఆ దారే. కొండలూ సముద్రమూ పక్కపక్కనే ఉంటాయట. కానీ డిసెంబరు చివర్లో అక్కడ పగలు ఆరున్నర గంటలకి మించదు. మిగతా వేళంతా నలుగురూ ఆ డబ్బాలోనే. అసలు గొడవంతా అక్కడే వచ్చింది.

"మొదటి తెల్లవారుజామున చిన్నాడు మొహం తుడుచుకుంటూ లేచాడక్కా. పైకప్పు కారుతోందనుకున్నాం. బయట చూస్తే ఒక్క చినుకు లేదు" అంది. కిటికీల మీద నీళ్లు ధారలు కట్టాయి, తలుపు దగ్గరి ఇనప బద్దీ చేత్తో ముట్టుకుంటే తడి. పరుపు ఓ వారన కాస్త ఎత్తి చూస్తే అడుగున చెక్క మీద చెమ్మ. బండి అద్దెకిచ్చినవాళ్లు స్టవ్ ఎలా వెలిగించాలో చెప్పారుగానీ దీని గురించి ఒక్క ముక్క చెప్పలేదట.

ఆ నీళ్లు ఎక్కడివి? వాళ్లవే! మనం వదిలే ఊపిరిలో ఆవిరి ఉంటుంది, ఒంటి నుంచి చెమట ఆవిరి పోతుంటుంది. పెద్దవాళ్లు ఇద్దరు ఎనిమిది గంటలు నిద్రపోతే ఆ రెండూ కలిసి సుమారు అర లీటరు నీరు. పిల్లలది కూడా వేసుకోండి. మామూలు ఇంట్లో ఇది లెక్కలోకే రాదు. వ్యాన్‌లో లోపలి చోటు పది ఘనపు మీటర్లు ఉంటే గొప్ప. 20 డిగ్రీల వెచ్చటి గాలి ఒక్కో ఘనపు మీటరుకీ 17 గ్రాముల ఆవిరిని మోయగలదు. అంటే బండి మొత్తం మీద ఓ గ్లాసుడు. అదే గాలి సున్నా డిగ్రీలకి చల్లబడితే 5 గ్రాములకి మించి మోయలేదు. మరి మిగిలింది? మంచులా చల్లగా ఉన్న అద్దానికీ, రేకుకీ తగిలి నీటిబొట్లుగా దిగిపోతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకి చెమట పట్టినట్టే. అక్కడ సీసా బయట చెమరిస్తుంది, ఇక్కడ మనమే సీసా లోపల ఉన్నాం!

ఊపిరితో అయిపోలేదు. గ్యాస్ స్టవ్ సంగతి వింటే నాకు మొదట నమ్మబుద్ధి కాలేదు. కిలో గ్యాస్ మండితే కిలోన్నరకు పైగా నీరు పుడుతుంది. గ్యాస్‌లోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరవుతుంది, అందుకే బరువు పెరుగుతుంది. ఈ లెక్కన మన ఇంట్లో 14.2 కిలోల సిలిండరు అయిపోయేసరికి దాదాపు 22 లీటర్ల నీరు ఆవిరై మన వంటగదిలో కలిసిందన్నమాట. అన్నం ఉడికేటప్పుడు గిన్నెలోంచి వచ్చే ఆవిరి ఇంకా వేరే.

అలారం మోగిన రాత్రి

రెండో రోజు చలి ఎక్కువైంది. పైకప్పులో ఉన్న గాలి కిటికీ మూసేసి, కింద తలుపు దగ్గర చల్లగాలి కొడుతున్న జాలీల్లో మా మరిది తువ్వాళ్లు కుక్కాడు. అన్నం వండాక స్టవ్ ఆర్పకుండా సన్నని సెగ మీద ఉంచారు, బండి వెచ్చబడుతుందని. గంట గడిచిందో లేదో గోడకున్న చిన్న డబ్బా కీచుమని అరవడం మొదలెట్టింది. అది కార్బన్ మోనాక్సైడ్ అలారం. పిల్లల్ని దుప్పట్లతో సహా ఎత్తుకుని బయటికి వచ్చేశారు. తలనొప్పిగా ఉంటే ఆ రోజంతా ప్రయాణం చేసిన అలసట అనుకుందట మా చెల్లెలు.

ఇదెందుకు ఇంత వివరంగా రాస్తున్నానంటే, ఆ జాలీలు బండి చేసినవాళ్లు తెలియక వదిలేసిన సందులు కావు. కావాలని పెట్టినవి. స్టవ్ మండటానికి గాలి కావాలి. అది చాలకపోతే మంట సరిగా మండక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లకి తెలిసే అవకాశమే లేదు. చెమ్మ వల్ల జలుబే చేయవచ్చు, గాలి మూసేస్తే ప్రాణానికే ముప్పు. అందుకని వంట స్టవ్‌ని చలిమంటగా వాడకూడదు, జాలీలు మూయకూడదు, అలారం పని చేస్తోందో లేదో బటన్ నొక్కి చూడకుండా పడుకోకూడదు. ఈ మూడింటి దగ్గర మాత్రం "ఒక్క రాత్రికేగా" అనుకోకండి.

మరి చలికి ఎలా అంటారా? ఇలాంటి బళ్లలో డీజిల్‌తోనో గ్యాస్‌తోనో నడిచే హీటరు విడిగా ఉంటుంది. అది మండటానికి కావలసిన గాలి బయటి నుంచే తీసుకుని, మండిన పొగనీ ఆవిరినీ గొట్టం ద్వారా బయటికే వదులుతుంది. లోపలికొచ్చేది పొడి వేడి మాత్రమే. బజారులో దొరికే గొట్టం లేని చిన్న గ్యాస్ హీటర్లు అలా కాదు. వాటి ఆవిరి, విషవాయువు అన్నీ మనకే. బండి అద్దెకు తీసుకునేటప్పుడు అడగవలసిన మొదటి ప్రశ్న "పరుపు మెత్తగా ఉందా" అని కాదు, "హీటరు గొట్టం బయటికి ఉందా" అని.

హీటరు ఓ అరగంట బాగా పెంచి కట్టేసే బదులు సాయంత్రం నుంచీ సన్నగా నడుస్తూ ఉంటే మేలు. గోడలూ చెక్కలూ వెచ్చగా ఉంటే వాటి మీద నీరు పట్టదు. దాంతోపాటు పైకప్పు కిటికీ రెండు వేళ్ల మందం, కింద ఇంకో కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి. ఒక్కటి తెరిస్తే చాలదు. చల్లగాలి కింద నుంచి వచ్చి, తడిసిన వెచ్చటి గాలి పై నుంచి పోవాలి. ఇంత చలిలో కిటికీ తెరవమంటావా అని మీరు నన్ను తిట్టుకోవచ్చు. కానీ బయట చల్లగా ఉన్న గాలిలో ఆవిరి తక్కువ. సున్నా డిగ్రీల గాలి లోపలికొచ్చి 20 డిగ్రీలకి వేడెక్కితే దాని తేమ 30 శాతం లోపే. అంటే పొడి తువ్వాలు లాంటిదన్నమాట. వాన పడుతున్నా ఇదే వర్తిస్తుంది. కొంత వేడి పోతుంది, కాదనను. ఒక దుప్పటి ఎక్కువ కప్పుకోండి.

వంట దగ్గర

మన వంటలతోనే చిక్కు. వాళ్లు రొట్టె మీద వెన్న రాసుకుని తినేస్తారు, మనకి అన్నం, పప్పు, చారు లేనిదే గడవదు. బియ్యం ముందే నానబెడితే త్వరగా ఉడుకుతుంది. గిన్నె మీద మూత తియ్యకుండా వండాలి. వండినంతసేపూ పైకిటికీ పూర్తిగా తెరిచి ఉండాలి. ఇడ్లీల ఆలోచన మాత్రం ఇంటికొచ్చాకే! మా చెల్లెలు మూడో రోజు నుంచి ఓ పద్ధతి పెట్టుకుంది. కరెంటు ఇచ్చే చోట ఆగితే చిన్న ఇండక్షన్ స్టవ్, లేకపోతే పగటిపూట పక్క తలుపు తెరిచి వంట. బయల్దేరేటప్పుడే పులిహోర, చపాతీలు చేసి పెట్టుకుంటే మొదటి రెండు రోజుల వంట తప్పేదని అప్పుడు తట్టిందట.

తడిసిన కోట్లు, బూట్లు, స్నానం తువ్వాళ్లు మంచం పక్కన ఆరేశారో, ఆ నీరంతా రాత్రికి అద్దం మీద చేరుతుంది. క్యాంపు స్థలాల్లో బట్టలారబెట్టే మిషను ఉంటే నాలుగు నాణేలు పోయినా వాడుకోవడం మంచిది. పొద్దున్న లేవగానే అద్దాలు, కిటికీ అంచులు పాత నూలు గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని బయటే పిండి బయటే పెట్టాలి. తుడిచిన తడిగుడ్డని లోపల తాడు మీద వేస్తే పని మళ్లీ మొదటికొస్తుంది.

కిటికీలకి వెండికాగితంలా మెరిసే తెరలు అమ్ముతారు. వీటిని లోపల కడితే మనకి వెచ్చగానే ఉంటుంది గానీ అద్దం ఇంకా చల్లబడి తెర వెనక నీరు కారుతుంది. ముందు అద్దానికి బయట నుంచి కప్పే రకమైతే అద్దమే వెచ్చగా ఉంటుంది.

పరుపు సంగతి చాలామంది చూడరు. ఒంటి వేడితో పాటు ఆవిరీ పరుపులోంచి కిందికి దిగి, చల్లటి చెక్క దగ్గర నీరవుతుంది. నాలుగు రోజులు అలాగే ఉంటే నల్లటి బూజు మచ్చలు, ముక్కిన వాసన. పరుపు కింద చెక్క పలకకి బదులు సందులున్న బద్దీలు ఉంటే మంచిది. లేకపోతే గాలి ఆడే మందపాటి వలలాంటి చాప పరవాలి. మన కొబ్బరిపీచు చాప కూడా ఈ పనికి బాగానే ఉంటుందని నా ఉద్దేశం. పొద్దున్నే పరుపు మడిచి నిలబెట్టడం మాత్రం తప్పనిసరి. అలమరల్లో బట్టలు బయటి గోడకి ఆనించి కుక్కకూడదు.

తేమని పీల్చే కాల్షియం క్లోరైడ్ గుళికల డబ్బాలు అక్కడ ప్రతి షాపులోనూ దొరుకుతాయి. వాటి మీద నాకంత నమ్మకం లేదు. అవి నెమ్మదిగా పీలుస్తాయి, నలుగురు ఒక్క రాత్రిలో వదిలే నీటికి సరిపోవు. ఖాళీగా నిలిపిన బండికైతే సరే. పైగా డబ్బాలో చేరే ఉప్పునీరు ఒలికితే ఇనుముకి తుప్పు, పిల్లల చేతికి అందితే ఇంకో తంటా. ఆ డబ్బులతో తేమ కొలిచే చిన్న మీటరు కొనుక్కోవచ్చు. 60 శాతం లోపు ఉంటే నిశ్చింత. 70 దాటి అలాగే నిలిచిందంటే బూజుకి పిలుపు పంపినట్టే. ఆయాసం, ఎలర్జీ ఉన్న పిల్లలకి బూజు బొత్తిగా పడదు. మచ్చ కనిపిస్తే పొడిగా దులపకుండా సబ్బునీళ్ల గుడ్డతో తుడవాలి. పొడిగా దులిపితే ఆ నుసి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. బ్లీచింగు, వెనిగరు కలిపి మాత్రం వాడకండి, విషవాయువు వస్తుంది.

ఇదంతా పరాయిదేశం గోల అనుకోవద్దు. డిసెంబరు, జనవరి నెలల్లో మంచు చూడ్డానికి లంబసింగికీ అరకుకీ వెళ్లి కార్లలో, గుడారాల్లో పడుకుంటున్నవాళ్లు బోలెడుమంది. అద్దాలు దించకుండా పడుకుంటే తెల్లారేసరికి కారు లోపలంతా తడే. చలికి తట్టుకోలేక గుడారంలోకి బొగ్గుల కుంపటి తెచ్చుకోవడం, కారు ఇంజను నడుపుతూ నిద్రపోవడం ఆ స్కాట్లాండు స్టవ్ లాంటి పనులే. ఉత్తరాదిలో గదిలో కుంపటి పెట్టుకుని పడుకుని నిద్రలోనే పోయినవాళ్ల వార్తలు చలికాలం వస్తే పేపర్లలో చదువుతూనే ఉన్నాం. కిటికీ లేని బాత్‌రూమ్‌లో గ్యాస్ గీజరుదీ ఇదే కథ.

సొంత వ్యాన్ ఉన్నవాళ్లు ప్రయాణం అయిపోయాక బండిని తాళం వేసి వదిలేయకండి. ట్యాంకులో, గొట్టాల్లో నీళ్లు వంచేయాలి, లేకపోతే గడ్డకట్టి పగులుతాయి. పరుపులూ దిండ్లూ ఇంట్లోకి తెచ్చుకోవాలి, కుదరకపోతే నిలబెట్టి ఉంచాలి. ఫ్రిజ్ తలుపు, అలమర తలుపులు తెరిచి, మధ్యలో ఏదైనా అడ్డం పెట్టండి. ఎండ కాసిన రోజు చూసుకుని పదిహేను రోజులకోసారి ఓ గంట తలుపులు బార్లా తీసి ఉంచితే, వచ్చే సెలవులకి బండి ఎక్కినప్పుడు ముక్కు మూసుకోనక్కర్లేదు.