వేలెత్తి చూపిస్తే చాలు.. ఆ రోజు పండగే!

మార్కులుండవు. ర్యాంకులుండవు. నెలల కష్టానికి ఫలితం ఒక్కోసారి ఒక్క మాట, ఒక్క చూపు. ఆటిజం ఉన్న పిల్లలకు పాఠాలు చెప్పే స్పెషల్‌ ఎడ్యుకేటర్ల పని ఎలా ఉంటుంది? అందులో దొరికే ఆనందం ఏ రకమైనది? ఈ దారిలోకి రావాలంటే ఏం చదవాలి?

మామూలు బడిలో టీచర్‌కి తన పని ఎలా సాగుతోందో తెలిసిపోతూనే ఉంటుంది. ఎక్కాలు చెప్పామా, మర్నాడు అప్పజెప్పించుకున్నామా, అంతే. ఆటిజం ఉన్న పిల్లల దగ్గర ఈ లెక్క పనికిరాదు. పిలిస్తే పలకని పిల్లాడు విన్నాడో లేదో తెలియదు. నేర్చుకున్నాడనుకున్నది వారం తర్వాత కనిపించదు. లేదనుకున్నది ఇంట్లో అమ్మమ్మ ముందు హఠాత్తుగా బయటపడుతుంది. ఈ ఉద్యోగంలో ఏళ్లకేళ్లు నిలబడేవాళ్లు గెలుపుని చాలా చిన్న గరిటెతో కొలవడం నేర్చుకున్నవాళ్లే.

ముందొక మాట. ఆటిజం జబ్బు కాదు, మెదడు ఎదుగుదలలో ఉండే తేడా. అందుకే దీన్ని 'స్పెక్ట్రమ్‌' అంటారు. ఒకరు అస్సలు మాట్లాడకపోవచ్చు, ఇంకొకరు రైళ్ల టైమ్‌టేబుల్‌ మొత్తం గుక్కతిప్పుకోకుండా చెప్పొచ్చు. ఇద్దరికీ ఒకే పాఠం పనికిరాదు.

అడగడం వేరు.. చూపించడం వేరు

మాటలు రాని నాలుగేళ్ల పిల్లాడికి బిస్కెట్‌ కావాలి. మీ ముఖం వైపు చూడడు. మీ చెయ్యి పట్టుకుని డబ్బా మీద పెడతాడు, అంతే. వాడి దృష్టిలో డబ్బా మూత తెరిచేది మీ చెయ్యి, మీరు కాదు. ఇక్కడ మొదలవుతుంది పాఠం.

దీనికి ప్రపంచమంతా వాడే పద్ధతుల్లో ఒకటి బొమ్మల మార్పిడి. 1985లో అమెరికాలోని డెలవేర్‌లో ఆండీ బాండీ, లోరీ ఫ్రాస్ట్‌ దీన్ని రూపొందించారు. పేరు 'పెక్స్‌'. మొదటి మెట్టులో ఇద్దరు పెద్దవాళ్లు కావాలి. ఒకరు ఎదురుగా బిస్కెట్‌ పట్టుకుని కూర్చుంటారు. రెండో వ్యక్తి వెనక నుంచి పిల్లాడి చెయ్యి పట్టుకుని బిస్కెట్‌ బొమ్మ ఉన్న కార్డుని ఎదుటివాళ్ల చేతిలో పెట్టిస్తారు. 'ఏం కావాలి నాన్నా?' అని అడగకూడదు. మనం అడిగితేనే జవాబివ్వడం కాకుండా, తనంతట తాను మొదలుపెట్టడం రావాలి కదా! వెనకున్న చెయ్యి రోజురోజుకీ పట్టు సడలిస్తుంది. ఒక రోజు ఆ చెయ్యి తాకకముందే కార్డు ఎదురుగా ఉన్నవాళ్ల అరచేతిలోకి వచ్చేస్తుంది. పిల్లాడికి ఆ రోజు దొరికేది బిస్కెటే. గదిలో ఉన్న ఇద్దరు టీచర్లకు మాత్రం మధ్యాహ్నం వరకూ అదే కబురు.

కానీ సీనియర్లని కదిపితే ఇంతకంటే పెద్ద రోజు వేరే ఉందంటారు. ఆకాశంలో విమానం పోతుంటే పిల్లాడు వేలెత్తి చూపించి, వెంటనే మీ ముఖంలోకి చూడటం! వాడికి విమానం అక్కర్లేదు, మీరు తెచ్చివ్వలేరు కూడా. 'నేను చూస్తున్నది నువ్వూ చూడు' అంటున్నాడు, అంతే. దీన్ని 'జాయింట్‌ అటెన్షన్‌' అంటారు. సాధారణంగా ఏడాది నిండే సరికి వచ్చేసే ఈ చిన్న అలవాటు ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ఆలస్యమవుతుంది. మాటలు నేర్చుకోవడానికి ఇది పునాది. విమానం చూపించడం సిలబస్‌లో ఉండదు. వచ్చిన రోజు మాత్రం ఆ సంగతి ఇంటికి ఫోన్‌ చేసి చెప్పకుండా ఉండలేరు.

'నీళ్లు కావాలా?' అంటే 'కావాలి' అని అర్థం

దాహమేసిన పాప టీచర్‌ దగ్గరికొచ్చి 'నీళ్లు కావాలా అమ్మా?' అంటుంది. కొత్తవాళ్లు 'నాకొద్దురా' అని పంపించేస్తారు! నిజానికి ఆ పాప నీళ్లడుగుతోంది. వాళ్లమ్మ రోజూ ఆ మాట అన్నాకే గ్లాసు చేతికొస్తుంది కాబట్టి, నీళ్లకి ఆ వాక్యమే పేరనుకుంది. విన్నది విన్నట్టు తిరిగి చెప్పడాన్ని 'ఎకోలాలియా' అంటారు. ఒకప్పుడు దీన్ని మాన్పించాల్సిన అలవాటుగా చూసేవారు. ఇప్పుడు భాషవైపు వేసే అడుగుగా చూస్తున్నారు. టీచర్‌ చేసేది చిన్న పనే. పాప బదులు తానే 'నీళ్లు కావాలి' అని గ్లాసు ఇవ్వడం. మళ్లీ మళ్లీ, విసుక్కోకుండా. 'కావాలా' లోంచి 'కావాలి'కి రావడానికి ఒక్కోసారి వేసవి సెలవులు కూడా అయిపోతాయి.

మన భాషలో ఇంకో చిక్కుంది. 'కాళ్లు కడుక్కుని రా' అంటే కాళ్లే కడుక్కుని, మట్టి చేతులతో అన్నానికి కూర్చుంటారు. తప్పు వాళ్లది కాదు, మనం అన్నదే చేశారు. ఏది చెప్పాలో సూటిగా చెప్పడం ఈ ఉద్యోగం మనకి నేర్పే మొదటి పాఠం.

ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లిష్‌ మాత్రమే మాట్లాడమని తల్లిదండ్రులకు సలహా ఇచ్చేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం ఉన్న పిల్లలకు నష్టమేమీ లేదని పరిశోధనలు చెబుతున్నా ఈ సలహా ఆగడం లేదు. తాతయ్యతో మాట్లాడలేని భాష నేర్పి ఏం లాభం? తెలుగు మాధ్యమంలో చదువుకున్నామని వెనకాడేవాళ్లు ఈ విషయం గుర్తుపెట్టుకోండి. ఇక్కడ మీ తెలుగు లోటు కాదు, పనిముట్టు.

కటింగ్‌ షాపులో పది నిమిషాలు

ఆటిజం ఉన్న పిల్లల్లో చాలామందికి కొన్ని శబ్దాలు, స్పర్శలు భరించలేనంత తీవ్రంగా అనిపిస్తాయి. కటింగ్‌ షాపు అంటే ట్రిమ్మర్‌ రొద, మెడ మీద పడే వెంట్రుకలు, కొత్త మనిషి చేతులు.. అన్నీ ఒకేసారి. నలుగురు పట్టుకుంటే తప్ప జుట్టు కత్తిరించలేని ఇళ్లున్నాయి. అందుకే పెళ్లిళ్లకు వెళ్లడం మానేసిన కుటుంబాలూ ఉన్నాయి.

స్పెషల్‌ ఎడ్యుకేటర్‌ దీన్ని కూడా పాఠంగానే తీసుకుంటారు. మొదట షాపు ఫొటోలు వరసగా పెట్టిన చిన్న పుస్తకం. కొన్నాళ్లకు ఆపేసిన ట్రిమ్మర్‌ని చేతికిచ్చి ఆడుకోనివ్వడం. తర్వాత పక్క గదిలో ఆన్‌ చేయడం, గుమ్మం దగ్గరికి తేవడం, భుజానికి ఆనించడం. పిల్లాడు వద్దంటే ఒక మెట్టు వెనక్కి. చివరికి జనం లేని వేళ చూసి షాపుకి తీసుకెళ్తారు. కటింగ్‌కి పట్టేది పది నిమిషాలే, వెనకున్న పని మాత్రం రెండు మూడు నెలలది. దీనికి సర్టిఫికెట్‌ ఎవరూ ఇవ్వరు. మేనమామ పెళ్లి ఫొటోలో ఆ పిల్లాడు నున్నగా దువ్విన తలతో నిలబడి ఉంటాడు, అంతే.

తీపి ఒక్కటే కాదు

కొరకడం, గిల్లడం, తల గోడకేసి కొట్టుకోవడం కూడా ఈ ఉద్యోగంలో భాగమే. ఇది దాచి చెప్పే వ్యాసాలు చదివి వచ్చినవాళ్లు మూడు నెలల్లో వెళ్లిపోతారు. ఉండేవాళ్లు చేసేదేంటంటే, నోట్‌బుక్‌ తెరుస్తారు. ఆ ప్రవర్తనకు ముందు ఏం జరిగింది, పిల్లాడు ఏం చేశాడు, తర్వాత ఏం జరిగింది.. మూడు గళ్లలో రోజూ రాస్తారు. ఉదాహరణకు, రోజూ పదకొండు గంటలకే ఏడుపు మొదలవుతోందని తేలితే, ఆ టైమ్‌కి పక్క వంటగదిలో మిక్సీ తిరుగుతోందని కూడా అప్పుడే తెలుస్తుంది. మిక్సీ టైమ్‌ మార్చితే 'మొండి పిల్లాడు' మాయమవుతాడు. డిటెక్టివ్‌ కథలిష్టమైతే ఈ భాగం మీకు నచ్చుతుంది.

జీతాల విషయంలో తేడాలెక్కువ. చిన్న ప్రైవేటు సెంటర్లలో తొలి జీతం నిరాశపరచొచ్చు. ప్రభుత్వ పోస్టు, పేరున్న ఇంటర్నేషనల్‌ స్కూల్‌ అయితే లెక్క వేరు.

ఏం చదవాలి?

ఈ వృత్తికి అనుమతి ఇచ్చేది రిహాబిలిటేషన్‌ కౌన్సిల్‌ ఆఫ్‌ ఇండియా (ఆర్‌సీఐ). ఇంటర్‌ తర్వాత రెండేళ్ల డీఈడీ స్పెషల్‌ ఎడ్యుకేషన్‌, డిగ్రీ తర్వాత బీఈడీ స్పెషల్‌ ఎడ్యుకేషన్‌ ప్రధాన దారులు. కోర్సు పూర్తయ్యాక ఆర్‌సీఐ రిజిస్టర్‌లో పేరు నమోదు చేయించుకుని సీఆర్‌ఆర్‌ నంబరు తీసుకోవాలి. ఇది లేకుండా పని చేస్తే 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా లేదా రెండూ పడొచ్చు. 'మూడు వారాల్లో ఆటిజం థెరపిస్ట్‌' అని ఆన్‌లైన్‌లో కనిపించే ప్రకటనలకు డబ్బు కట్టేముందు ఆ కోర్సు ఆర్‌సీఐ వెబ్‌సైట్‌ జాబితాలో ఉందో లేదో చూడండి. లేకపోతే దాన్ని వదిలేయండి.

ఈ రంగంలో పేరున్న జాతీయ సంస్థ మన దగ్గరే ఉంది. సికింద్రాబాద్‌ బోయినపల్లిలోని మనోవికాస్‌ నగర్‌లో 1984లో మొదలైన సంస్థ ఇప్పుడు ఎన్‌ఐఈపీఐడీ. డిప్లొమా నుంచి ఎంఈడీ వరకు కోర్సులున్నాయి. ప్రవేశాల నోటిఫికేషన్‌ కోసం దాని వెబ్‌సైట్‌ చూస్తుండాలి.

అవకాశాలు పెరగడానికి చట్టాలూ కారణమే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో ఆటిజం ఒకటి. బడుల్లో స్పెషల్‌ ఎడ్యుకేటర్లను నియమించాలని 2021లో రజనీష్‌ కుమార్‌ పాండే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణ 2024 డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే స్పెషల్‌ ఎడ్యుకేషన్‌లో 220 స్కూల్‌ అసిస్టెంట్‌, 796 ఎస్‌జీటీ పోస్టులు చూపించారు. ఇవి కాక సమగ్ర శిక్షలో రిసోర్స్‌ పర్సన్లు, ప్రత్యేక పాఠశాలలు, థెరపీ సెంటర్లు, ప్రైవేటు బడులు ఉన్నాయి.

దరఖాస్తు చేసేముందు ఒక పని చేయండి. రెండు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి. దగ్గర్లోని కేంద్రంలో టీచర్‌ని అడిగి, అనుమతి తీసుకుని ఓ వారం కూర్చోండి. ఫొటోలు తీయకండి, పిల్లల పేర్లు బయట చెప్పకండి. ప్రతి పిల్లాడికీ ఏడాదికోసారి రాసుకునే వ్యక్తిగత విద్యా ప్రణాళిక ఉంటుంది. పేరు కప్పేసి, ఒకే పిల్లాడిది నిరుటిదీ ఈ ఏటిదీ పక్కపక్కన చూపించమని అడగండి. నిరుడు 'రెండు నిమిషాలు కుర్చీలో కూర్చోవడం' అని లక్ష్యం రాసిన చోట ఈసారి 'పక్కవాడితో బంతి పంచుకోవడం' అని ఉండొచ్చు. ఆ రెండు కాగితాలు చూశాక మీకేమనిపించిందో గమనించి, అప్పుడు ఫారం నింపండి.